మందు తక్కువ, మట్టి గట్టిగ

మానేరు నుంచి పెన్‌గంగ దాకా తొమ్మిది బంతుల ఆటలో నా బ్రేక్‌కు సాటి లేదు. ఈ మాట చాలామందితో అన్నాను. ఒకసారి బస్సులో పక్క సీటాయనతో కూడా అన్నాను, పాపం ఆయన అడగకపోయినా. నిజం చెప్పాలంటే, కరీంనగర్‌లో ఒక ఫర్నిచర్ దుకాణం మీది అంతస్తులో ఉన్న పూల్ పార్లర్‌లో, మధ్యాహ్నం పూట వచ్చే అరవై దాటిన ఐదుగురిలో, నా బ్రేక్ మంచిది. ఆ ఐదుగురిలో ఒకాయనకు శుక్లాలు. ఇంకొకాయన కుడిభుజం చెవి దాకా లేవదు.

ఆట తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. తొమ్మిది రంగు బంతులను టేబుల్ మీద శక్కర్‌పారా ముక్కలా, డైమండు ఆకారంలో దగ్గరగా పేరుస్తారు. మొనలో ఒకటో నంబరు, నడుమ తొమ్మిది. అవతలి చివర నుంచి తెల్లబంతితో ఆ గుంపును చెదరగొట్టడమే బ్రేక్. ఆ తర్వాత టేబుల్ మీద మిగిలినవాటిలో అన్నిటికంటే చిన్న నంబరునే ముందు తాకాలి. తొమ్మిదిని గుంటలో వేసినవాడిది గెలుపు. బంతులు చెదిరితే చాలదు. ఏదో ఒకటి గుంటలో పడాలి, తెల్లబంతి మాత్రం పడకుండా టేబుల్ నడుమ బుద్ధిగా నిలబడాలి. అప్పుడే తర్వాతి దెబ్బ కూడా మనకే దక్కుతుంది, అదీ తేలిగ్గా.

మొదట్లో నాది బలం బ్రేక్. నడుం వంచి, ఊపిరి బిగబట్టి ఒక్క పోటు పొడిచేవాణ్ణి. ఒకనాడు తెల్లబంతి టేబుల్ దాటి, కిటికీలోంచి దూకి, కింద మిర్చిల బండి మూకుడులో పడిందని చెప్పుకుంటాను. అంత లేదు. మెట్ల మీద దొర్లుకుంటూ పోయి చాయ్ తెస్తున్నాయన కాలి దగ్గర ఆగింది. ఆయన దాన్ని గ్లాసుల మధ్య పెట్టుకొని పైకి తెచ్చాడు. ఆ గ్లాసుల మధ్యలోంచి బంతిని తీసి, చొక్కా అంచుతో తుడిచి, టేబుల్ మీద పెట్టింది మా భాయ్.

"నువ్వు బంతిని కొడ్తలేవ్ భాయ్," అన్నాడు. "బెదిరిస్తున్నవ్."

ఆయన నన్ను భాయ్ అనేవాడు, నేనూ ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. మందమర్రిలో ఒకే గనిలో పనిచేశాం. రిటైరయ్యాక ముందూ వెనకా ఇద్దరం కరీంనగర్ చేరాం. కాలనీలో కలిసి క్యారమ్స్ ఆడిన చేతులు ఊరుకోవు కదా. ఒక మధ్యాహ్నం టక్ టక్ మని చప్పుడు వింటూ ఆ మెట్లెక్కాం. అప్పటి నుంచి ఐదేళ్ళు, శుక్రవారం నమాజు పూట తప్ప, ఏ మధ్యాహ్నమూ వదల్లేదు.

పార్లర్‌లో కాలేజీ పిల్లలు పొగుడుతుంటే నా నోరు ఆగదు. "ముప్పై ఏండ్లు భూమి కడుపుల మందు పేల్చినోణ్ణి. గీ తొమ్మిది గోటీలు నాకెంత?" అనేవాణ్ణి. గనిలో షాట్‌ఫైరర్ అని ఒక ఉద్యోగం ఉంటుంది. బొగ్గు పొరకు రంధ్రాలు వేయించి, వాటిలో మందు దట్టించి, అందరినీ దూరం పంపి పేల్చేవాడు. నేను షాట్‌ఫైరర్నని చెప్పుకున్నాను. ఎంత మందు పెట్టేవాణ్ణో, ఎట్లా పేల్చేవాణ్ణో కథలు కథలుగా చెప్పాను. భాయ్ గోడ పక్క నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆటకర్ర మొనకు సుద్ద రాసుకుంటూ, అన్నీ వినేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు.

షాట్‌ఫైరర్ ఆయన.

నేను ల్యాంపు రూములో ఉండేవాణ్ణి. గనిలోకి దిగేవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి తమ నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ ఇస్తే, దాన్ని కొక్కేనికి తగిలించి, టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చేవాణ్ణి. పైకి వచ్చాక దీపం తిరిగి తీసుకుని బిళ్ళ ఇచ్చేసేవాణ్ణి. నా షిఫ్టులో దిగిన దీపాలన్నీ తిరిగి వచ్చేదాకా ఇంటికి పోరాదు. ఉద్యోగమంతా అంతే. ముప్పై ఏళ్ళలో గని లోపలికి మూడుసార్లు దిగాను. అందులో ఒకసారి ఆయుధపూజకు.

నా బ్రేక్ మారింది భాయ్ వల్లే. గని లెక్కలోనే చెప్పాడు. రంధ్రంలో మందు పెట్టాక, దాని మూతికి బంకమట్టి కుడుములు దట్టిస్తారు. మట్టి వదులుగా ఉంటే ఎంత మందు పెట్టినా మూతిలోంచి తుపాకీలా బయటికి తన్నేస్తుంది. చప్పుడు వస్తుంది, బొగ్గు రాదు. మట్టి గట్టిగా పడితే కొంచెం మందుకే పొరంతా పగిలి, పెద్ద పెద్ద పెళ్ళలుగా కింద కూర్చుంటుంది.

"మందు తక్కువ, మట్టి గట్టిగ," అన్నాడు. "టేబుల్ మీద గూడ గంతే. చెయ్యి బలం మందు, బంతుల పేర్పు మట్టి. నువ్వు మందు ఒక్కటే చూస్తున్నవ్."

తెల్లబంతిని నడిమధ్య నుంచి కాకుండా టేబుల్ పక్క గోడ వైపుకు జరిపి పెట్టించాడు. మెత్తగా, ఒకటో నంబరును నిండుగా తాకేట్టు కొట్టమన్నాడు. ఒకటో నంబరు మెల్లగా పోయి పక్క గుంటలో పడింది. తెల్లబంతి ఒక అడుగు వెనక్కి వచ్చి టేబుల్ నడుమ ఆగింది. నాకు నవ్వొచ్చింది, ఎవరో నా చేతి లోపల నుంచి కొట్టినట్టు.

అయితే ఆ బ్రేక్ అట్లా పనిచేయాలంటే బంతులు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మా పార్లర్‌లో ఓడినవాడు గెలిచినవాడికి బంతులు పేర్చాలన్నది ఆచారం. నేను గెలిస్తే భాయ్ పేర్చేవాడు. చెక్కచట్రంలో తొమ్మిదింటినీ ముందుకు తెచ్చి, రెండు బొటనవేళ్ళూ వెనక వరసకు ఆనించి, తల వంచి, బంతుల మధ్య వెలుతురు కనబడుతుందేమో చూసేవాడు. తర్వాత చట్రాన్ని, పడుకున్న పసిబిడ్డ కింది నుంచి చెయ్యి తీసినట్టు తీసేవాడు. మానేరు నుంచి పెన్‌గంగ దాకా సాటిలేని బ్రేక్ అంటే ఆ రెండు బొటనవేళ్ళు.

ఆయన గెలిచినప్పుడు నేను పేర్చేవాణ్ణి. ఎట్లా పేర్చేవాణ్ణో కాస్త ఆగి చెబుతాను.

ఒక మధ్యాహ్నం, బయట వాన, పార్లర్‌లో పిల్లలు ఎక్కువ. నా కథలు అయిపోయాయి. కొత్తది కావాలి. అప్పుడు చెప్పకూడని కథ చెప్పాను. పైకప్పు బండ ఊడిపడ్డ రోజు, నా జోడీదారును భుజం మీద వేసుకుని అర కిలోమీటరు నడిచి గని బయటికి తెచ్చానన్నాను. "మరి బతికిండా తాతా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. వాడి ముఖం చూస్తే బతికించాలనిపించింది. "బతకకేం. నెలకు దవాఖాన్లకెళ్ళి నడుచుకుంట వచ్చిండు. బిడ్డ పెండ్లి చేసిండు. పెండ్లిల నాకు కొత్త బట్టలు పెట్టిండు," అన్నాను.

నీలం కుర్చీ కిర్రుమంది. భాయ్ లేచాడు. సుద్దముక్క టేబుల్ అంచు మీద పెట్టి, సగం తాగిన చాయ్ వదిలేసి, వానలోనే మెట్లు దిగి పోయాడు.

ఆ బండ ఊడిపడ్డ రోజు నిజంగా జరిగింది ఇది. భాయ్ తన జోడీదారును మోసుకొచ్చాడు. నా కిటికీ దగ్గరికి వచ్చి రెండు దీపాలు పెట్టాడు, ఒకటి తనది, ఒకటి ఆయనది. ఆయన బిళ్ళ నేను కొక్కెం మీది నుంచి తీశాను, దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. భాయే చెయ్యి చాచి తీసుకున్నాడు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

తెల్లారి ఆయన పార్లర్‌కు రాలేదు. ఆ వారమంతా రాలేదు. నెల తిరక్కముందే, ఆదిలాబాద్ వైపు బోథ్‌లో ఉన్న కూతురు వచ్చి తీసుకుపోయిందని తెలిసింది. భార్య పోయి రెండేళ్ళయింది, చేతులు వణుకుతున్నాయి, ఒంటరిగా ఎట్లా ఉంటాడు. అందరూ చెప్పిన కారణం అదే. అది నిజమే అయి ఉండాలి. కానీ నాకు చెప్పకుండా పోయాడు. ఐదేళ్ళ మధ్యాహ్నాలను ఒక కథ కోసం పోగొట్టుకున్నానని నాకు తెలుసు. ఫోను నాలుగైదుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఏమని మొదలుపెట్టాలి?

నీలం కుర్చీలో ఎవరూ కూర్చోకుండా నా సంచి పెట్టేవాణ్ణి. బ్రేక్ పాడైపోయింది. మెత్తగా కొడితే బంతులు గుంపుగానే ఉండిపోయేవి. బలంగా కొడితే తెల్లబంతే గుంటలో దూకేది. కోపమొస్తే ఆ కుర్చీనే తిట్టేవాణ్ణి.

అప్పుడే పార్లర్ నడిపే ఆయన అరవై దాటినవాళ్ళకు ఒక పోటీ పెట్టాడు. నాకు సాకు దొరికింది. బ్రేక్ ఏది కొట్టాలో అడగాలి, అంతే కదా. ఆట సంగతి అడగడానికి పోయే మనిషి మీద ఎవరు తలుపు వేస్తారు? పొద్దున్నే బస్సెక్కాను. కొండగట్టు దగ్గర కిటికీలోంచి చేతులు జోడించి, పోటీ గెలిస్తే మెట్లన్నీ మోకాళ్ళ మీద ఎక్కుతానని అంజన్నకు మొక్కుకున్నాను. జగిత్యాల రాకముందే ఆ మొక్కును, నా మోకాళ్ళ సంగతి గుర్తుకొచ్చి, కొబ్బరికాయకు దించాను. నిజానికి నేను అడిగింది పోటీ గురించి కాదు. అంజన్నకు తెలిసే ఉంటుంది.

బోథ్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. భాయ్ కూతురు తలుపు తీసింది. "అరె చాచా, మీరా. రాండ్రి రాండ్రి. అబ్బా పెరట్ల కూసున్నరు."

పెరట్లో, పత్తి నింపిన బోరే సంచుల పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. నన్ను చూసి లేవలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

"కరీంనగర్ల చాయ్ ఒడిసిందా ఏంది, గీడిదాక వచ్చినవ్?"

"పోటీ ఉంది భాయ్. ఏ బ్రేక్ కొట్టాల్నో సమజ్ అయితలే."

"ఫోన్ల అడిగితే అయిపోతుండె."

"ఫోన్ల బ్రేక్ కనిపియ్యదు గదా."

మీసం కొస కొంచెం కదిలింది. లోపలికి కేకేశాడు. "బేటీ, తొమ్మిది నిమ్మకాయలు తే."

"ఎందుకు అబ్బా?"

"మీ చాచా పోటీకి పోతుండు."

ఆమె తెచ్చి మంచం మీద పోసింది. "తొక్కుకు తెచ్చినయి. పలగ్గొట్టకుండ్రి, ఇద్దరికిద్దరు."

భాయ్ ఒక నిమ్మకాయ తీసి మొనలో పెట్టాడు. రెండోది పెడుతుంటే చెయ్యి వణికి, రెండూ దొర్లిపోయాయి. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దొర్లాయి. నేను పత్తి బోరేల వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కాయలన్నీ నా వైపు తోశాడు.

"నువ్వు పెట్టు."

పేర్చాను. ఆయన తల వంచి చూశాడు, పాత పద్ధతిలోనే.

"వదులు. ఎప్పటి లెక్కనే."

"అంటే?"

"నాకు పెట్టేటప్పుడు ఎన్నడన్న గట్టిగ పెట్టినవా? మూడో నంబరు ఎనక సందు. ఎప్పుడు సూసినా గదే సందు."

ఇందాక ఆగి చెబుతానన్నది ఇదే. ఆయన గెలిచి బ్రేక్ కొట్టాల్సి వచ్చినప్పుడు నేను కావాలనే వదులుగా పేర్చేవాణ్ణి. గోరంత సందు. ఆయన మెత్తటి దెబ్బ ఆ సందులోనే చచ్చిపోయేది. ఐదేళ్ళు ఇది ఎవరికీ తెలియదనుకున్నాను.

"ఎరుకైతే మరి ఎందుకు అడగకపోతివి?"

"అడిగితే నువ్వు గట్టిగ పెడ్తవ్. నేను గెలుస్త. నువ్వు అలిగి రెండు రోజులు రావు. గా రెండు రోజులు నేనేం జెయ్యాలె?"

కాయలన్నీ మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను.

"బొటనేళ్ళు ఎనకకెళ్ళి పెట్టు," అన్నాడు. "ఒత్తకు. జర ఆనియ్యి. గట్ల." తొమ్మిది కాయలూ ఆనుకుని నిలబడ్డాయి. అప్పుడు చెప్పాడు. "ముందుగాల పేర్పు చూడు, గటెన్క కర్ర పట్టు. సందు లేకుంటే గోడ పక్కకెళ్ళి మెత్తగ. సందుంటే సరిచెయ్యమని అడుగు. సరిచెయ్యకపోతే నడుమకెళ్ళి బలంగ కొట్టు, దేవుని మీద భారమెయ్యి. ఏ బ్రేక్ మంచిదని ఇంటికాడ కూసొని అనుకునేది కాదు."

నేను నేర్చుకోవడానికి వచ్చింది అయిపోయింది. అడగడానికి వచ్చింది మిగిలింది.

"భాయ్, ఆ వాన రోజు నేను చెప్పిన కథ..."

ఆయన ఒక నిమ్మకాయ చేతిలోకి తీసుకుని, వణకకుండా గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు కోపమొచ్చి పోయినవనుకున్న," అన్నాను.

"కోపం రాలే." నిమ్మకాయను ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు వాణ్ణి బతికిచ్చినవ్. బిడ్డ పెండ్లి గూడ చేపిచ్చినవ్. నాకు మస్తు మంచిగనిపిచ్చింది భాయ్. ఇంకోపారి చెప్పుమని అడుగుదామని నోటిదాక వచ్చింది. గందుకే లేచిపోయిన. గా రెండు ల్యాంపులు నా చేతులకెళ్ళి తీస్కున్నది నువ్వే. నాకెరుక, నీకెరుక. మనిద్దరమే వాడు బతికిండని కూసొని అనుకుంటే, మరి వాడు యాడికి పోవాలె?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కూతురు వింటోందేమో. ఆయన ఆ నిమ్మకాయను తీసి సరిగ్గా మొనలో, ఒకటో నంబరు జాగాలో పెట్టాడు.

"మిగిలిన కథలు చెప్పుకో," అన్నాడు. "షాట్‌ఫైరర్ గూడ నువ్వే అయ్యి తిరుగు, ఫికర్ లేదు. వాణ్ణి మాత్రం ఉన్నకాడ ఉండనియ్యి."

అన్నం తిని బయల్దేరేటప్పుడు అడిగాను, "ఒస్తవా కరీంనగర్?"

"కండ్ల డాక్టర్ గాడనే ఉన్నడు. పత్తి ఏరుడు అయిపోతే అల్లునికి తీరుతది. వస్త."

పోటీలో నేను ఫైనల్‌కు వచ్చాను. ఐదుగురిలో ఫైనల్‌కు రావడమంటే ఒక్క ఆట గెలవడం, ఇంకోసారి ఎదుటాయన జ్వరం వల్ల రాకపోవడం. చివరి ఆట ఒక రిటైరైన పీటీ సారుతో. నాణెం ఎగరేస్తే బ్రేక్ నాకు వచ్చింది. పార్లర్ ఆయన బంతులు పేర్చాడు. ఒక పిల్లవాడు వెనక నుంచి అన్నాడు, "తాతా, పేల్చు మరి."

నేను కర్ర దించాను. "నేను పేల్చినోణ్ణి కాదు. నేను ల్యాంపు రూముల ఉంటుంటి. పేల్చింది గాయన," అని నీలం కుర్చీ చూపించాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాను.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మాకెరుకే తాతా," అన్నాడు వాడు. "మేం కొత్తగ వచ్చినప్పుడే గా తాత చెప్పిండు. చెప్పనియ్యుండ్రి, మంచిగ చెప్తడు, మధ్యల అడ్డం రాకుండ్రి అన్నడు."

నేను పనేదో ఉన్నట్టు టేబుల్ చివరికి పోయి తల వంచాను. పేర్పులో సందు ఉంది. కళ్ళకు కనబడిందని చెప్పను, నా కళ్ళు అంత లేవు. ఊహించాను: మూడో నంబరు వెనక. సరిచేయమన్నాను. పార్లర్ ఆయన వేలితో చూసి, నిజమేనని సరిచేశాడు. గోడ పక్క నుంచి, మెత్తగా, ఒకటో నంబరును నిండుగా కొట్టాను. అది నడుచుకుంటూ పోయి పక్క గుంటలో పడింది. తెల్లబంతి ఒక అడుగు వెనక్కి వచ్చి నడుమ ఆగింది. నేను కుర్చీ వైపు చూశాను. నా సంచి ఉంది.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. "గెలిచిన భాయ్," అన్నాను.

అవతల మాట లేదు.

"గెలవలే," అన్నాను. "ఎనిమిది దాక వేసిన. తొమ్మిది గుంట మూతి కాడ ఉంటే తప్పిన. పీటీ సారు కండ్లు మూసుకొని వేసిండు."

"బ్రేక్ల తెల్లబంతి యాడ ఆగింది?"

"నడిమిట్ల."

"గంతే సాలు," అన్నాడు. తర్వాత ఏదో అనబోయి దగ్గాడు. ఫోన్ కూతురి చేతికి పోయింది.

పత్తి ఏరడం అయిపోయింది. శనగ కోతలూ అయిపోయాయి. అల్లునికి ఇంకా తీరలేదు. నేను మాత్రం రోజూ నాలుగింటికి, మావాళ్ళు నలుగురూ మెట్లు దిగాక, కర్రలన్నీ స్టాండులో ఉన్నాయో లేవో చూసుకుని, చివరి టేబుల్ మీద తొమ్మిది బంతులూ పేరుస్తాను. బొటనవేళ్ళు వెనక నుంచి, ఒత్తకుండా, జర ఆనించి. చట్రం మెల్లగా తీసి, తెల్లబంతిని గోడ పక్కన పెట్టి, కొట్టకుండా కుర్చీ పక్కన కూర్చుంటాను. ఆ బ్రేక్ ఆయనది.

ఒక్క సందు కూడా ఉండదు. ఈసారి పెంచి చెప్పడం లేదు.

మూడో నంబరు వెనక, వెంట్రుకవాసి ఉంటుంది. రోజూ సరిచేస్తూనే ఉన్నాను.